వారింగ్టన్ తొట్టె నుంచి కొల్లేరు గట్టు దాకా

పెరట్లో కొత్తగా సిమెంటు తొట్టె కట్టించి, నీళ్లు నింపి, చేపలు వదిలిన ఇళ్లలో ఒకే కథ మళ్లీ మళ్లీ జరుగుతుంటుంది. మొదటి వారం చేపలు హుషారుగా తిరుగుతాయి. రెండో వారానికి మేత ముట్టడం తగ్గిస్తాయి. ఆ తర్వాత నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తూ, మొప్పలు గబగబా ఆడిస్తుంటాయి. నీళ్లేమో తేటగానే కనిపిస్తాయి. ఒక్కో పొద్దున ఒక్కో చేప వెల్లకిలా తేలుతుంది. తొట్టె తోమి, కొత్త నీళ్లు పట్టి, మళ్లీ చేపలు కొని వదిలినా అంతే. అదే వీధిలో ఎవరి పెరట్లోనో ఏళ్ల తరబడి పాచిపట్టిన పాత కుండీలో మాత్రం గప్పీలు పిల్లల మీద పిల్లలు పెడుతుంటాయి.

తేడా అంతా ఆ పాచిలోనే ఉంది. చేప తిన్న మేతలోని నత్రజనిలో దాదాపు పావు వంతే దాని ఒంటికి పడుతుంది. మిగిలినదాంట్లో చాలా భాగం అమ్మోనియాగా మొప్పల గుండా నీటిలో కలుస్తుంది. అది చేపకు విషం. పాత కుండీ గోడలకూ రాళ్లకూ పట్టిన జిగురు పొరలో ఒక జాతి బ్యాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. చేప నెత్తురు గోధుమరంగుకు తిరిగి, ఆక్సిజన్ మోయలేని స్థితికి వస్తుంది. ఇంకో జాతి బ్యాక్టీరియా ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌ను చేప చాలా మోతాదు దాకా ఓర్చుకుంటుంది, నాచూ మొక్కలూ దాన్ని తినేస్తాయి. కొత్త తొట్టెలో ఈ రెండు జాతులూ లెక్కకు రానంత తక్కువ. అవి పెరిగి కుదురుకోవడానికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆలోగానే చేపల పని అయిపోతుంది.

ఇంత చిన్న సంగతి పూర్తిగా తేలడానికి నూట అరవై ఏళ్లకు పైగా పట్టింది. చేపలు పెంచేవాళ్లు ఆ జీవులను కంటితో చూడకుండానే వాటికి ఇల్లూ తిండీ గాలీ సమకూర్చారు. వాటి పుట్టుపూర్వోత్తరాలు వెతికిన శాస్త్రవేత్తలు కూడా తిరిగి తిరిగి చేపల తొట్టెల దగ్గరికే వచ్చారు.

మొదటి తొట్టె లండన్‌ది. బ్లాక్‌ఫ్రయర్స్‌లో మందుల తయారీదారుల సంఘానికి చెందిన అపోథికరీస్ హాల్ ఉంది. 1840లలో అక్కడ రాబర్ట్ వారింగ్టన్ అనే కెమిస్టు పనిచేసేవాడు. 1841లో లండన్ కెమికల్ సొసైటీ పుట్టడానికి ముందు నిలిచి పాటుపడినవాడు ఆయనే. చేప పీల్చే ఆక్సిజన్‌ను నీటి మొక్క ఇస్తే, మొక్కకు కావలసిన బొగ్గుపులుసు వాయువును చేప ఇస్తే, నీళ్లు మార్చాల్సిన పని లేకుండా రెండూ బతకవచ్చు కదా అన్నది ఆయన ఆలోచన. 1849లో పన్నెండు గ్యాలన్ల గాజు పాత్ర తీసుకుని సగం దాకా ఊటనీళ్లు పోశాడు. అడుగున ఇసుక, బురద పరిచాడు. చేపలు కిందికి దూరి నీడన ఉండేలా సున్నపురాయి, ఇసుకరాయి ముక్కలు పేర్చాడు. పొడవైన నాడాల్లాంటి ఆకులుండే వాలిస్నేరియా మొక్క నాటి, రెండు చిన్న గోల్డ్ ఫిష్‌లను వదిలాడు.

కొన్నాళ్లు అంతా సవ్యంగా సాగింది. తర్వాత ముదురు ఆకులు కుళ్లడం మొదలైంది. నీరు మసకబారింది, గాజుకు ఆకుపచ్చని పాచి పట్టింది. వారింగ్టన్ ఐదారు చెరువు నత్తలను తెచ్చి వేశాడు. అవి కుళ్లిన ఆకులనూ పాచినీ మేసేశాయి, వాటి గుడ్లు చేపలకు తిండి అయ్యాయి. నీరు మళ్లీ తేటపడింది. 1850 మార్చిలో ఈ సంగతంతా కెమికల్ సొసైటీలో చదివి వినిపించాడు. ఇళ్లలో గాజు తొట్టెల్లో చేపలు పెంచే అలవాటుకు శాస్త్రం తరఫున పునాది రాయి ఆ వ్యాసమే.

వారింగ్టన్ లెక్కలో పాత్రధారులు ముగ్గురే: చేప, మొక్క, నత్త. నాలుగోది ఆయన పరిచిన బురదతోపాటే తొట్టెలోకి వచ్చింది, ఆయన పేర్చిన రాళ్ల మీద కాపురం పెట్టింది. అక్కడ సున్నపురాయి ఉండడం ఎంత మేలు చేసిందో చెప్పాలంటే ఒక లెక్క చూడాలి. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేట్‌గా మార్చేటప్పుడు ఈ బ్యాక్టీరియా నాలుగున్నర గ్రాముల ఆక్సిజన్ వాడుకుంటుంది. దాంతోపాటు ఏడు గ్రాముల పైచిలుకు సున్నపురాయి ఇచ్చేంత క్షారతను నీటిలోంచి ఖర్చుపెడుతుంది. ఆ క్షారత అయిపోతే నీరు పులుపెక్కి వాటి పనే ఆగిపోతుంది. చేపలకు నీడ కోసం పెట్టిన రాయి కంటికి ఆనని ఆ జీవులకు ప్రాణాధారమైంది. ఇప్పటికీ పెరటి కొలనుల్లో రంగుల కోయి చేపలు పెంచేవాళ్లు వడపోత గదుల్లో ఆల్చిప్పలు వేసేది అందుకే.

వారింగ్టన్ వ్యాసం తర్వాత ఇంగ్లండ్‌లో గాజు తొట్టెల పిచ్చి పట్టుకుంది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన అక్వేరియం పుస్తకంతో ఆ వేడి మధ్యతరగతి ముందుగదుల దాకా పాకింది. జనం సముద్రతీరాలకు వెళ్లి సీసాల నిండా జీవాలను పట్టుకొచ్చారు. వాటిలో చాలా తొట్టెలు వారాల్లోనే కంపు కొట్టాయి. తొట్టెడు నీటికి చారెడు చేపలు మించకూడదని వారింగ్టన్ ప్రయోగమే చెప్పినా, కొన్న ఉత్సాహంలో ఎవరూ ఆగలేదు. 1860ల చివరికల్లా ఆ మోజు చల్లబడింది.

తొట్టెలు కంపు కొట్టే సమస్యను ఇంజనీరింగ్ బుర్రతో చూసినవాడు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. 1864లో హాంబర్గ్‌లోనూ, 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లోనూ ఆయన నడిపించిన పెద్ద అక్వేరియాల్లో జనం చూసే తొట్టెలు పైన ఉండేవి. భూమి కింద, వెలుతురు సోకని చోట, వాటికంటే చాలా పెద్ద నీటి గదులు కట్టించాడు. పంపులు పగలూ రాత్రీ ఆ నీటిని పైకీ కిందికీ తిప్పుతూనే ఉండేవి. చీకట్లో పాచి పెరగదని, పారే నీటికి గాలి బాగా తగులుతుందని లాయిడ్ లెక్క వేశాడు. ఆ లెక్క తప్పు కాదు. కానీ ఆ చీకటి గదుల విశాలమైన గోడలే అసలు వడపోత అని ఆయనకు తెలిసే వీలు అప్పటికి లేదు. ఇప్పటి పెద్ద అక్వేరియాల్లోనూ సందర్శకుడికి కనపడని వెనక భాగంలో ఉండేది అదే ఏర్పాటు.

కథ ఇక్కడ చేపలను వదిలి తుపాకిమందు వైపు తిరుగుతుంది. తుపాకిమందుకు సురేకారం కావాలి. అది కూడా ఒక నైట్రేటే. 17, 18 శతాబ్దాల్లో యూరప్ యుద్ధాలకు కావలసిన సురేకారంలో పెద్ద వాటా బీహార్ నుంచి వెళ్లేది. అక్కడి నోనియా కులస్థులు పశువుల కొట్టాల చుట్టూ, ఊరి దిబ్బల మీద పొడిగా పేరుకునే తెల్లటి ఉప్పుమట్టిని గీకి, నీటిలో కరిగించి, కాచి సురేకారం తీసేవాళ్లు. ఈస్టిండియా కంపెనీ దాన్ని ఓడల్లో నింపి పంపేది. పేడా మూత్రమూ ఇంకిన నేలలోనే ఆ ఉప్పు ఎందుకు పుడుతుందో ఎవరికీ తెలియదు. పొడి మట్టి రంధ్రాల్లో గాలీ అమ్మోనియా కలిసి దానంతటదే నైట్రేట్ అవుతుందని రసాయన శాస్త్రజ్ఞులు చెప్పేవాళ్లు. అందులో జీవుల ప్రమేయం ఉండొచ్చని 1862లో పాశ్చర్ అనుమానం వెలిబుచ్చాడు.

1877లో పారిస్‌లో థియోఫిల్ ష్లోసింగ్, అకిల్ మ్యూంజ్ అనే ఇద్దరు ఆ అనుమానాన్ని తేల్చేశారు. మీటరు పొడవున్న గాజు గొట్టంలో బాగా కాల్చిన ఇసుక, కొంచెం సున్నపురాయి పొడి కలిపి నింపారు. పై నుంచి నగరపు మురుగునీటిని చాలా నెమ్మదిగా వదిలారు. నీటి చుక్క గొట్టం దాటడానికి వారం పట్టేది. సుమారు ఇరవై రోజులు కింద నుంచి అమ్మోనియా అమ్మోనియాగానే వచ్చింది. ఆ తర్వాత నైట్రేట్ కనపడింది. కొద్ది రోజుల్లో అమ్మోనియా పూర్తిగా మాయమైంది. అది వట్టి రసాయన చర్య అయితే మొదటి రోజు నుంచే జరగాలి కదా. గొట్టంలోకి క్లోరోఫాం ఆవిరి పంపితే నైట్రేట్ ఆగిపోయింది. ఆవిరి తీసేసినా తిరిగి మొదలుకాలేదు. పిడికెడు తోటమట్టి కలిపిన నీళ్లు పోశాక మళ్లీ మొదలైంది. పెరటి తొట్టెలో చేపలు చచ్చే ఆ మొదటి మూడు వారాలు, పారిస్ గొట్టంలో ఏమీ జరగని ఆ ఇరవై రోజులు ఒకటే. ఆ జీవి తన సంఖ్య పెంచుకోవడానికి తీసుకునే వ్యవధి అది.

ఈ వార్త లండన్‌కు ఉత్తరాన ఉన్న రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన క్షేత్రానికి చేరింది. 1876లో అక్కడ చేరిన కెమిస్టు పేరు కూడా రాబర్ట్ వారింగ్టనే. గోల్డ్ ఫిష్ తొట్టె పెట్టిన వారింగ్టన్ కొడుకు. తండ్రి ఆ ప్రయోగం చేసేనాటికి పది పదకొండేళ్ల పిల్లవాడు. చదువు నేర్చుకున్నది తండ్రి ప్రయోగశాలలోనే. పారిస్ ప్రయోగాన్ని ఆయన తిరిగి చేసి చూసి నిజమేనని తేల్చుకున్నాడు. తర్వాత పుష్కరకాలానికి పైగా అదే పని మీద కూర్చున్నాడు. ఆ జీవులకు వెలుతురు గిట్టదని, చీకట్లో బాగా పనిచేస్తాయని కనిపెట్టాడు. సున్నం లాంటి క్షారం లేకపోతే ఆగిపోతాయని చూపాడు. అన్నిటికంటే పెద్ద సంగతి, ఇది రెండు అంచెల్లో జరుగుతుందని నిరూపించాడు. ఆయన సీసాల్లో కొన్నిటిలో అమ్మోనియా నైట్రైట్ దాకా వచ్చి ఆగేది. ఇంకొన్నిటిలో నైట్రైట్ నైట్రేట్ అయ్యేది కానీ అమ్మోనియా జోలికి పోయేది కాదు. అంటే రెండు వేర్వేరు జీవులన్నమాట.

వాటిని విడదీసి చూపడం మాత్రం ఆయనకు కొరకరాని కొయ్యగా మిగిలింది. అప్పటి బ్యాక్టీరియా శాస్త్రమంతా జెలటిన్ పలకల మీద నడిచేది. ఈ జీవులు దాని మీద మొలవలేదు. 1890లో జూరిచ్‌లో పనిచేస్తున్న సెర్గీ వినోగ్రాడ్‌స్కీ దారి తిప్పాడు. కీవ్‌లో పుట్టిన ఈ శాస్త్రవేత్త వాటికి కుళ్లే పదార్థమేదీ పెట్టకుండా వట్టి ఖనిజ లవణాలూ అమ్మోనియా మాత్రమే ఇచ్చాడు. అవి పెరిగాయి. ఎండ అక్కర్లేకుండా, ఇంకో జీవిని తినకుండా, అమ్మోనియాను కాల్చిన శక్తితోనే బొగ్గుపులుసు వాయువు నుంచి ఒళ్లు కట్టుకునే బతుకు ఒకటుందని లోకానికి తెలిసింది అప్పుడే. మొదటి అంచె జీవికి నైట్రోసోమోనాస్, రెండో అంచె జీవికి నైట్రోబ్యాక్టర్ అనే పేర్లు ఆయన పెట్టినవే. పెద్ద వారింగ్టన్ 1867లోనే పోయాడు. తన తొట్టెలోని నాలుగో పాత్ర సంగతి ఆయన చెవిన పడలేదు.

ఈ జ్ఞానాన్ని ముందుగా అందిపుచ్చుకున్నది చేపలవాళ్లు కాదు, మురుగు కాలువల ఇంజనీర్లు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు లారెన్స్ పట్టణంలో 1887 నుంచి ఇసుక, గులకరాళ్ల మీదుగా మురుగు పారించి పరీక్షలు చేశారు. 1914లో మాంచెస్టర్‌కు చెందిన ఎడ్వర్డ్ ఆర్డెన్, విలియం లాకెట్ మురుగునీటిలోకి గాలి ఊది చూశారు. మొదటిసారి అమ్మోనియా అంతా పోవడానికి వారాలు పట్టింది. అడుగున పేరిన బురదను పారేయకుండా ఉంచి, దాని మీదే కొత్త మురుగు పోశారు. ఇలా మళ్లీ మళ్లీ చేసేసరికి అదే పని గంటల్లోకి వచ్చింది. ఇవాళ ప్రపంచంలోని పెద్ద నగరాల మురుగు శుద్ధి చాలావరకు ఆ పద్ధతి మీదే నడుస్తోంది. చేపల తొట్టె పెట్టేవాళ్లకు ఇప్పటికీ ఇంతకు మించిన చిట్కా లేదు: ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టె వడపోత నుంచి కాస్త స్పాంజో, గుప్పెడు గులకరాళ్లో తెచ్చి కొత్తదాంట్లో వేస్తే వారాల నిరీక్షణ రోజుల్లోకి తగ్గుతుంది.

మురుగుకూ చేపకూ బంధం కుదిర్చిన చోటు మన దేశంలోనే ఉంది. కోల్‌కతా నేల తూర్పుకు వాలుగా ఉంటుంది. నగరపు మురుగు అటే పారుతుంది. అటువైపున్న విద్యాధరి నది పూడిపోయాక, ఉప్పునీటి చేపలకు అలవాటుపడ్డ అక్కడి భేరీల (చేపల చెరువుల) యజమానులు 1930ల నాటికి మురుగునీటితో చేపలు పెంచడం నేర్చుకున్నారు. మొదట చెరువు ఎండగడతారు. తర్వాత మురుగు వదిలి ఎండలో ఉంచుతారు. బ్యాక్టీరియా మలినాన్ని విరగ్గొడుతుంది, అందులోంచి వచ్చిన పోషకాలతో నాచు పెరుగుతుంది, నాచు ఇచ్చే ఆక్సిజన్ తిరిగి బ్యాక్టీరియాకు అందుతుంది. నీటి రంగూ వాసనా చూసి ఎప్పుడు ఎంత మురుగు వదలాలో అక్కడి జాలర్లు నిర్ణయిస్తారు. అలల తాకిడికి గట్లు కోతపడకుండా అంచున గుర్రపుడెక్క కట్టి ఉంచుతారు. 1980లలో నగరపు మురుగు ఎక్కడికి పోతోందో చూద్దామని బయలుదేరిన ఇంజనీర్ ధ్రువజ్యోతి ఘోష్ ఈ విద్యను లోకానికి చాటాడు. కోటి జనాభా నగరానికి శుద్ధి కేంద్రం ఖర్చు తప్పించిన ఆ 12,500 హెక్టార్ల చిత్తడి నేలకు 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల ఒప్పందమైన రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. అదే ఏడాది కొల్లేరుకూ వచ్చింది. ఘోష్ 2018లో మరణించేదాకా ఆ నేల కోసం వాదిస్తూనే ఉన్నాడు. రియల్ ఎస్టేట్ ఒత్తిడి చూస్తే ఆ వాదన ఇంకా ఎవరో ఒకరు చేయాల్సిందే అనిపిస్తుంది.

ఇళ్ల పెరట్లలో చేపల కొలను అంటే నేడు ఎవరికైనా గుర్తొచ్చేది కోయి చేపలు. వాటి పుట్టిల్లు జపాన్‌లో నీగాటా ప్రాంతపు యమకోషి కొండలు. చలికాలమంతా మంచులో కూరుకుపోయే ఆ పల్లెల్లో రైతులు వరిమడులకు నీరు పెట్టే కుంటల్లో తిండి కోసం కార్ప్ చేపలు పెంచేవాళ్లు. 19వ శతాబ్దం మొదట్లో వాటిలో ఎరుపు, తెలుపు మచ్చలవి పుట్టాయి. వాటిని ఏరి, జతకట్టించి రంగులు నిలబెట్టారు. 1914లో టోక్యోలో జరిగిన ప్రదర్శనతో ఆ చేపలు దేశమంతటా పేరు తెచ్చుకున్నాయి. ఇప్పటికీ వేసవిలో మేలురకం కోయిలను అక్కడ బంకమట్టి కుంటల్లోనే వదులుతారు. వాటికి ఏ వడపోత యంత్రమూ ఉండదు. చేపలు పలుచగా ఉంటాయి, అడుగున మట్టి ఉంటుంది, నీటిలో పచ్చదనం ఉంటుంది. మిగతా పని ఆ మూడూ చూసుకుంటాయి. 2004 అక్టోబరు భూకంపంలో ఆ కుంటల గట్లు తెగిపోయి, ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. తరాలుగా కాపాడుకున్న చేపల వంశాలు చాలా పోయాయి. తిరిగొచ్చిన రైతులు ముందు కుంటలు తవ్వుకున్నారు.

బంకమట్టి కుంటలోని చేప నగరపు సిమెంటు కొలనుకు మారినప్పుడే అసలు చిక్కు. మట్టి లేదు, చేపలు ఒత్తుగా ఉంటాయి, మేత ఎక్కువ. అందుకే కోయి పెంపకందార్లు కొలను పక్కన గదులు గదులుగా వడపోత కట్టారు. మొదటి గదిలో బరువైన మలినం అడుగుకు దిగుతుంది. రెండోదాంట్లో బ్రష్షులు తేలే చెత్తను పట్టుకుంటాయి. తర్వాతి గదుల్లో పీచు చాపలో, రంధ్రాల రాళ్లో ఉంటాయి. వాటి పని జీవులకు ఇల్లు కావడమే. మన పెరట్లలో ఇదే ఏర్పాటు ప్లాస్టిక్ డ్రమ్ములో ఒదుగుతుంది: గులకరాళ్లు, ఇటుక ముక్కలు, నైలాన్ వల, సీసా మూతలు. ఏ వస్తువైనా ఒకటే లెక్క, ఎంత ఉపరితలం ఉంటే అంత మంది కాపురానికి వస్తారు. ఆ డ్రమ్మును కడిగేటప్పుడే చాలామంది నష్టపోతారు. క్లోరిన్ కలిసిన కుళాయి నీటి కింద తోమితే నెలల తరబడి పెరిగినదంతా ఒక్క పూటలో పోతుంది. కొలను నీటితోనే బకెట్లో ఒకసారి జాడించి పెట్టేస్తే చాలు. చేపకు పుండు పడిందని కొలను మొత్తానికి యాంటీబయాటిక్ కలిపినా అదే జరుగుతుంది.

20వ శతాబ్దం రెండో సగంలో గాజు తొట్టెల అడుగున అమర్చే గులకరాళ్ల వడపోతలు అమ్మకానికొచ్చాయి. 1970లో స్టీఫెన్ స్పాట్ రాసిన పుస్తకం అమ్మోనియా నైట్రేట్ అయ్యే ఈ నత్రజని చక్రాన్ని చేపల పెంపకందార్ల ముందు పెట్టింది. ఆ తర్వాత సీసాల్లో బ్యాక్టీరియా అమ్మే వ్యాపారం పెరిగింది. సీసాల మీద వినోగ్రాడ్‌స్కీ పెట్టిన పేర్లే ఉండేవి. 1996లో తిమోతీ హొవానెక్, ఎడ్వర్డ్ డెలాంగ్ అక్వేరియాల వడపోతల్లోని జీవులను జన్యుపదార్థం ఆధారంగా వెతికారు. నైట్రోబ్యాక్టర్ కనపడనేలేదు. రెండేళ్ల తర్వాత మంచినీటి తొట్టెల్లో ఆ రెండో అంచె పని చేస్తున్నది నైట్రోస్పైరా అనే ఇంకో బ్యాక్టీరియా అని హొవానెక్ బృందం చూపింది. ఏళ్ల తరబడి జనం కొన్నది వేరే ఊరి జీవిని.

ఆశ్చర్యాలు అక్కడితో ఆగలేదు. 2005లో అమెరికా శాస్త్రవేత్తలు సియాటిల్ అక్వేరియంలోని ఒక ఉష్ణమండల సముద్రపు తొట్టె గులకల నుంచి అమ్మోనియాను కాల్చే సరికొత్త సూక్ష్మజీవిని వేరుచేశారు. అది బ్యాక్టీరియా కూడా కాదు, ఆర్కియా అనే వేరే వంశానికి చెందింది. దాని బంధువులు మహాసముద్రాలంతటా కోటానుకోట్లుగా ఉన్నారని తర్వాత తేలింది. 2011లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం వాళ్లు ఇళ్లలోని మంచినీటి అక్వేరియాల వడపోతలు తీసి చూస్తే, వాటిలో ఎక్కువ చోట్ల మొదటి అంచె పని చేస్తున్నది ఆ వంశంవారే. 2015లో వచ్చిన వార్త చిన్న వారింగ్టన్ పాఠాన్నే సవరించింది. నెదర్లాండ్స్‌లోని నైమేగెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, చేపల పెంపకపు నీటిని తిప్పే ఒక వడపోత నుంచి తీసిన జిగురులో, అమ్మోనియాను మొదటి నుంచి చివరి దాకా ఒంటిచేత్తో నైట్రేట్ చేసే నైట్రోస్పైరాను పట్టుకున్నారు. అదే సమయంలో వియన్నా బృందం రష్యాలోని ఒక లోతైన బావి వేడినీటి గొట్టంలో అలాంటిదాన్నే చూసింది. రెండు పనులకు రెండు జీవులన్న సూత్రం నూట పాతికేళ్లు చెక్కుచెదరకుండా నిలిచింది. దానికి మినహాయింపు దొరికిన చోట్లలో ఒకటి చేపల వడపోత.

ఈ చరిత్రకు తెలుగు నేలతో సంబంధం కలిసేది గోదావరి, కృష్ణ డెల్టాలో. 1970ల నడిమి నుంచి కొల్లేరులోనూ, 1980లలో కైకలూరు, ఆకివీడు, భీమవరం చుట్టుపక్కల వరిచేలల్లోనూ చేపల చెరువులు తవ్వారు. అక్కడి రైతు కనిపెట్టిన మేత పద్ధతిని పరిశోధకులు కూడా మెచ్చుకున్నారు. తవుడు, వేరుశనగ చెక్క కలిపి ప్లాస్టిక్ సంచిలో నింపుతారు. సంచి అడుగున రెండు మూడు వరుసల్లో చిన్న చిల్లులు పెడతారు. వాటిని చెరువులో పాతిన కర్రలకు వరసగా కడతారు. శీలావతి, బొచ్చె చేపలు వచ్చి మూతితో సంచిని పొడిచి, చిల్లుల్లోంచి రాలినంత మేర తింటాయి. రెండు మూడు గంటల్లో సంచి ఖాళీ అవుతుంది. ఖాళీ కాకపోతే ఆ రోజు చేపకు ఒంట్లో బాగా లేదని అర్థం. మేత నీటిలో చెల్లాచెదురై కుళ్లదు. అమ్మోనియా పుట్టకముందే దానికి అడ్డుకట్ట వేసే విద్య ఇది.

ఇలాంటి మట్టి చెరువుల్లో అమ్మోనియాలో ఎక్కువ భాగాన్ని తినేది నీటిని పచ్చగా ఉంచే నాచే. ఆ మేరకు పెద్ద వారింగ్టన్ మొక్కను నమ్మడం సబబే. బ్యాక్టీరియా పని అడుగు మట్టి పైపొరలో, గాలి అందినంత మేర సాగుతుంది. మబ్బు పట్టి నాచు ఒక్కసారిగా చచ్చిన రోజు ఆ లెక్కంతా తలకిందులవుతుంది. ఇంకో ప్రమాదం మధ్యాహ్నపు ఎండలో ఉంది. నాచు బొగ్గుపులుసు వాయువును లాగేసి నీటి పీహెచ్‌ను 9 దాకా పెంచుతుంది. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉన్నప్పుడు అమ్మోనియాలో విషరూపం ఒక శాతం కూడా ఉండదు. 9కి చేరితే మూడో వంతు దాటుతుంది. మన వేసవి నీటిలో ఇంకా ఎక్కువ. పొద్దున టెస్ట్ కిట్‌లో ప్రమాదం లేదనిపించిన అంకె మధ్యాహ్నానికి చేపను చంపగలదు.

1990లలో రొయ్య వచ్చింది. 1994, 95లలో తెల్లమచ్చ తెగులు దాన్ని ఊడ్చిపెట్టింది. భయంతో రైతులు యాంటీబయాటిక్స్ వాడారు. అవశేషాలు కనపడ్డాయని విదేశాలు సరుకు తిప్పి పంపడం మొదలయ్యాక, మేలుచేసే బ్యాక్టీరియా అంటూ అమ్మే ప్రోబయోటిక్ డబ్బాలు దుకాణాల్లో వరుసకట్టాయి. 2009 తర్వాత వెన్నామీ రొయ్యతో ఆ అమ్మకం ఇంకా పెరిగింది. ఇవాళ డెల్టాలో ఏ చెరువు గట్టు మీద చూసినా ఒక డ్రమ్ము కనిపిస్తుంది. అందులో బెల్లం, తవుడు, ప్రోబయోటిక్ పొడి వేసి ఒకటి రెండు రోజులు పులియబెడతారు. నురగ వచ్చి, తీపి పోయి పుల్లటి వాసన తేలాక మగ్గులతో చెరువంతా చల్లుతారు.

ఆ డ్రమ్ములో పెరిగేది ఎక్కువగా బ్యాసిల్లస్ జాతి. అది గంటల్లో వందల రెట్లు అవుతుంది. ఎండిపోయినా విత్తుగా మారి పొడి రూపంలో నెలలు నిలవుంటుంది. చెరువు అడుగున మిగిలిన మేతను, మలినాన్ని విరగ్గొట్టడానికి పనికొస్తుంది. అమ్మోనియాను నైట్రేట్ చేసే జీవులు వేరే. అవి ఒకటి రెండవడానికి చాలాసార్లు పూట నుంచి రోజంతా తీసుకుంటాయి. వాటికి విత్తు రూపం లేదు, బెల్లం అక్కర్లేదు. డబ్బా మీద రెండిటి పేర్లూ పక్కపక్కనే రాసి అమ్ముతారు కనుక రైతుకు ఈ తేడా తెలియడం అవసరం. అమెరికాలో ఆబర్న్ విశ్వవిద్యాలయపు క్లాడ్ బాయిడ్ క్యాట్‌ఫిష్ చెరువుల్లో 1980ల నుంచే ఇలాంటి కల్చర్లను పరీక్షించి, నీటి నాణ్యతలో చెప్పుకోదగ్గ మార్పు లేదని రాశాడు. చెరువులో కావలసిన బ్యాక్టీరియా ముందే ఉంటుందని, దానికి ఆక్సిజన్, తగిన పీహెచ్ ఇస్తే పని చేస్తుందని ఆయన వాదన. పంటకూ పంటకూ మధ్య అడుగు నెర్రెలిచ్చేదాకా ఎండగట్టడం, సున్నం చల్లడం, నీటికి గాలి పట్టించే ఏరేటర్లు తిప్పడం అనే పాత పద్ధతులకు ఆ వాదన బలమిస్తుంది. డబ్బాకు పెట్టే డబ్బులో సగం ఏరేటరు మీద పెడితే డెల్టా రైతుకు అంతకంటే మేలు జరుగుతుందన్నది ఈ చరిత్ర చదివినవారికి తోచకమానదు.

బెల్లానికి మాత్రం ఇంకో చోట సరైన పని దొరికింది. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త యోరాం అవ్నిమెలెక్ 1999లో ఒక లెక్క ప్రచురించాడు. నీటిలో నత్రజనికి తగ్గ పాళ్లలో పిండి పదార్థమో, తీపి పదార్థమో కలిపి ఆపకుండా గాలి ఊదితే, వేగంగా పెరిగే బ్యాక్టీరియా ఆ అమ్మోనియాను తన ఒంటి మాంసకృత్తిగా మార్చుకుంటుంది. అది గోధుమరంగు తునకలుగా నీటిలో తేలుతుంది. చేప ఆ తునకలను తిరిగి తింటుంది. మేతలో వృథా అయిన నత్రజని రెండోసారి చేప నోటికి చేరుతుంది. దీన్నే మన దగ్గర బయోఫ్లాక్ అంటున్నారు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో దీనికి రాయితీ ఇచ్చాక తెలంగాణ, ఆంధ్ర జిల్లాల్లో ఇంటి పక్క ఖాళీ స్థలాల్లో ఇనుప వల చట్రానికి తార్పాలిన్ తొడిగిన గుండ్రటి ట్యాంకులు లేచాయి. తిలాపియా, కొర్రమీను, పంగాస్ పెంచుతున్నారు. కొందరు లాభపడ్డారు, చాలామంది మొదటి ఏడాదే ట్యాంకు విప్పేశారు. విప్పినవారిలో ఎక్కువమందికి దెబ్బ కొట్టింది కరెంటు. ఒత్తుగా ఉన్న చేపలూ, అంతకంటే ఒత్తుగా ఉన్న బ్యాక్టీరియా ఒకే నీటిలోని ఆక్సిజన్‌ను పంచుకుంటాయి. గాలి పంపు ఆగితే గంటలోపే నీటిలో ఆక్సిజన్ అడుగంటుతుంది. అందుకే ఇప్పుడు అనుభవమున్న పెంపకందార్లు కొత్తవాళ్లకు ముందు ఇన్వర్టరు గానీ జనరేటరు గానీ కొనమని, చేపపిల్లల సంగతి ఆ తర్వాత చూద్దామని చెబుతున్నారు.